మూలకణాల్ని ఎముక వైపు మళ్లించడానికి ఏ నానో పదార్థం? ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఎముక మజ్జ నుంచి తీసిన మీసెంకైమల్ మూలకణాలు ఎముక కణాలుగానూ మారగలవు, కొవ్వు కణాలుగానూ, మృదులాస్థి కణాలుగానూ మారగలవు. వాటిని ఎముక వైపు తిప్పే పనికి ఏ నానో పదార్థం మంచిదని వెతికితే అన్నిటికీ అనుకూలంగా పేపర్లు దొరుకుతాయి. హైడ్రాక్సీఅపటైట్, టైటానియం డయాక్సైడ్ నాళికలు, గ్రాఫీన్ ఆక్సైడ్, బంగారు కణికలు, పాలిమర్ నానోఫైబర్లు, దేని గురించి చదివినా 21వ రోజున ఎర్రగా మెరిసే అలిజరిన్ (ఖనిజాన్ని చూపే రంగు) ఫోటో ఒకటి ఉంటుంది. ఆ ఫోటోను బట్టి పదార్థాన్ని ఎంచుకోవద్దు. ఈ పదార్థాల్లో ప్రతిదీ మనం కొలిచే పరీక్షల్లో ఏదో ఒకదాన్ని చెడగొడుతుంది. ఏది దేన్ని చెడగొడుతుందో, దాన్ని పట్టుకునే ఏర్పాటు మీ ల్యాబ్‌లో ఉందో లేదో చూసుకుని ఎంచుకుంటే ఏడాది పని వృథా కాదు.

పోలికకు ముందు కొలబద్ద ఒకటి కావాలి. మామూలు ఎముక మీడియాలో, అంటే కణాల్ని ఎముక వైపు నడిపే పోషక ద్రవంలో, 10 శాతం సీరం, కణాల్ని ఆ వైపు నెట్టే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ 100 నానోమోలార్, 10 మిల్లీమోలార్ బీటా గ్లిసరోఫాస్ఫేట్, 50 మైక్రోమోలార్ ఆస్కార్బిక్ ఆసిడ్ ఫాస్ఫేట్ ఉంటాయి. కణాలు 3 నుంచి 5వ పాసేజ్ (ప్లేట్ నుంచి ప్లేట్‌కు మార్చిన సార్లు) లోపువి కావాలి, చదరపు సెంటీమీటరుకు సుమారు 5,000 చొప్పున వేయాలి, మీడియా వారానికి రెండుసార్లు మార్చాలి. రన్‌ఎక్స్2 అనే ఎముక దారి జన్యువు మొదటి వారంలోనే లేస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ 7 నుంచి 14 రోజుల మధ్య ఎక్కువవుతుంది. ఆస్టియోకాల్సిన్ అనే ఎముక ప్రోటీన్ రెండో వారం తర్వాత, ఖనిజం మూడో వారంలో కనిపిస్తాయి. బీటా గ్లిసరోఫాస్ఫేట్ మోతాదు పెంచితే ఖనిజం త్వరగా వస్తుందని కొందరు 10 మిల్లీమోలార్ దాటిస్తారు. అలా చేస్తే కణాల ప్రమేయం లేకుండానే కాల్షియం ఫాస్ఫేట్ అవక్షేపంగా దిగుతుంది. అది కూడా ఎర్రగానే అంటుకుంటుంది.

నానో హైడ్రాక్సీఅపటైట్

ఎముకలో ఉండే ఖనిజానికి దగ్గరి బంధువు ఇది. కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి 1.67. చవక, కాల్షియం నైట్రేట్, అమోనియం ఫాస్ఫేట్‌లతో ల్యాబ్‌లోనే చేసుకోవచ్చు, కణాలకు పెద్దగా విషం కాదు. మొదటిసారి ఈ పనిలోకి దిగేవాళ్లు దీన్నే తీసుకుంటారు. తీసుకోవచ్చు కూడా. కానీ ఎముక ప్రయోగాన్ని ఇది మూడు చోట్ల పాడుచేస్తుంది.

మొదటిది అలిజరిన్ రెడ్. ఈ రంగు కాల్షియానికి అంటుకుంటుంది, మనం వేసిన కణికే కాల్షియం. కణాలు లేని వెల్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంటలో) అదే మోతాదు పొడి వేసి, అదే మీడియాలో 21 రోజులు ఉంచి రంగు వేయండి. వెల్ అడుగంతా ఎర్రబడుతుంది. ఆ అంకెను తీసివేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటే. కణాలున్న వెల్‌లో కణికలు కొన్ని లోపలికి వెళ్తాయి, లైసోజోముల్లో కరుగుతాయి, కొన్ని మీడియా మార్చినప్పుడు కొట్టుకుపోతాయి. ఖాళీ వెల్‌లో ఇవేవీ జరగవు కాబట్టి తీసివేత ఎటూ సమానంగా రాదు.

రెండోది డీఎన్ఏ కొలత, చాలామందికి తట్టనిది. డీఎన్ఏనూ ప్రోటీన్లనూ వేరుచేసే క్రొమటోగ్రఫీ కాలమ్‌లలో హైడ్రాక్సీఅపటైట్‌నే నింపుతారు. అంటే అది డీఎన్ఏను పట్టుకుంటుంది. కణాల్ని పగలగొట్టిన ద్రావణంలో ఈ పొడి మిగిలి ఉంటే డీఎన్ఏ కొంత దానికే అంటుకుపోతుంది, అంకె తక్కువ వస్తుంది. డీఎన్ఏ కణాల సంఖ్యకు కొలత కాబట్టి ఫాస్ఫటేజ్‌ను దానితో భాగిస్తాం కదా, హారం తగ్గితే ఫలితం పెరుగుతుంది. కణాల్లేని పొడి ద్రావణంలో 100 నానోగ్రాముల శుద్ధ డీఎన్ఏ కలిపి కొలిచి చూడండి. 60 మాత్రమే తిరిగి వస్తే, ఏ మార్పూ లేని కణాల్లో కూడా ఫాస్ఫటేజ్ 1.67 రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. ఇంతకంటే చిన్న తేడా మీద గణాంకపరంగా నిజమైన తేడా అని నక్షత్రాలు పెట్టి అచ్చువేసే గ్రాఫులు చాలా ఉంటాయి.

దీనికి విరుగుడు, ద్రావణాన్ని రెండు వాటాలు చేయడం: ఒకటి డీఎన్ఏకు, రెండోది ఫాస్ఫటేజ్‌కు. డీఎన్ఏ వాటాలో ఫాస్ఫేట్ గాఢత బాగా పెంచితే డీఎన్ఏ వదిలి వస్తుంది. స్టాండర్డ్ కర్వ్ కూడా అదే బఫర్‌లో వేయాలి. ఆ ఫాస్ఫేట్ రెండో వాటాలో పడకూడదు, ఎందుకంటే ఫాస్ఫేట్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను అణచేస్తుంది. అందుకే కణాల్ని పగలగొట్టే ముందు చివరి కడుగు ఫాస్ఫేట్ ఉండే పీబీఎస్ బఫర్‌తో కాకుండా ట్రిస్ సెలైన్‌తో చేయాలి. ఇలా చేశాక మిగిలిన అనుమానం తీర్చేది ఆస్టియోకాల్సిన్, ఒకటో రకం కొలాజెన్ జన్యువులు. అవి కాల్షియాన్ని కొలవవు.

మూడోది మీడియా. నానో పొడికి ఉపరితలం ఎక్కువ కాబట్టి మీడియాలోని కాల్షియాన్నీ, ఫాస్ఫేట్‌నూ, సీరం ప్రోటీన్లనూ లాగేసుకుంటుంది. పొడి వేసిన మీడియాను 24 గంటలు కణాలు లేకుండా ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను వేరే కణాలకు పోసి చూస్తే ఆ మార్పు ఒక్కదాని ప్రభావమే ఎంతో తెలుస్తుంది.

పొడిగా ఎండబెట్టిన హైడ్రాక్సీఅపటైట్ మళ్లీ పూర్తిగా విడిపోదు, ఎంత సోనికేట్ చేసినా గడ్డలు మిగులుతాయి. వీలైతే తయారుచేసిన తడి ముద్దనే కడిగి, నీటిలో తేలియాడే స్థితిలోనే నిల్వచేయండి. ఎంత పొడి ఉందో కొద్దిగా తీసి ఆరబెట్టి తూచండి.

టైటానియం డయాక్సైడ్ నాళికలు

కణికల్ని కణాల మీద చల్లడం ఒక పద్ధతి. కణాలు నిలబడే నేలను నానో స్థాయిలో చెక్కడం ఇంకో పద్ధతి. నేల ఆకారం ఒక్కటే దిశ మార్చగలదని 2007లో గ్లాస్గో విశ్వవిద్యాలయ బృందం చూపింది. ప్లాస్టిక్ మీద 120 నానోమీటర్ల వెడల్పు, 100 నానోమీటర్ల లోతు గుంటల్ని 300 నానోమీటర్ల ఎడంతో అచ్చువేశారు. గుంటలన్నీ చక్కగా గళ్లలో ఉన్నప్పుడు కాదు, ఒక్కోటి 50 నానోమీటర్ల దాకా అటూ ఇటూ జరిగినప్పుడు మానవ మూలకణాలు ఎముక ప్రోటీన్లు చేశాయి, అదీ డెక్సామెథసోన్ లేకుండా. అలాంటి అచ్చుకు ఎలక్ట్రాన్ బీమ్ లితోగ్రఫీ కావాలి, అందరికీ అందదు. టైటానియం రేకును ఆనోడైజ్ చేసి (ద్రావణంలో ముంచి కరెంటు పంపి) నాళికలు పెంచడం మాత్రం ఏ కెమిస్ట్రీ ల్యాబైనా చేయగలదు. హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ కలిపిన నీటిలో 5 వోల్టులకు సుమారు 30, 20 వోల్టులకు సుమారు 100 నానోమీటర్ల వ్యాసం వస్తుంది. వోల్టేజ్ తిప్పితే చాలు, రసాయనం మారకుండా కొలత మారుతుంది. కణాల మీద పరిమాణం ప్రభావం అడగడానికి ఇంత శుభ్రమైన పద్ధతి ఇంకోటి లేదు.

ఏ వ్యాసం మేలు? ఇక్కడే పేపర్లు ఢీకొన్నాయి. 2007లో ఎర్లాంగెన్ బృందం 15 నానోమీటర్లే ఉత్తమమనీ, 100 దగ్గర కణాలు చచ్చిపోతున్నాయనీ చెప్పింది. 2009లో శాన్ డియాగో బృందం 30 దగ్గర కణాలు బాగా అంటుకుంటాయి గానీ మారవనీ, 70 నుంచి 100 మధ్య పొడుగ్గా సాగి ఎముక వైపు వెళ్తాయనీ చెప్పింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఏది తప్పు అని అడగడం కన్నా ఏం తేడా ఉందో చూడాలి. ఒకరివి ఎలుక కణాలు, ఇంకొకరివి మానవ కణాలు. నాళికల తయారీ, వేడిచేసిన తీరు ఒకటి కాదు. ఆనోడైజ్ చేసిన వెంటనే నాళిక స్ఫటికం కాదు, ఫ్లోరైడ్ మిగిలి ఉంటుంది. 450 డిగ్రీల దగ్గర కాల్చితే అనటేజ్ అనే స్ఫటిక రూపంగా మారుతుంది, ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. కణం తన పొర మీది ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లతో నేలను పట్టుకుంటుంది. పట్టు బిందువుల మధ్య ఎడం సుమారు 58 నానోమీటర్ల లోపు ఉంటే అవి గుంపుకడతాయి, 73 దాటితే గుంపుకట్టలేవు అని బంగారు చుక్కల నేలల మీద తేలింది. నాళికకు గోడే పట్టు, మధ్యలో ఖాళీ. కాబట్టి పెద్ద నాళిక మీద పట్టు బలహీనమవుతుందన్నది రెండు బృందాల ఫలితాల్లోనూ ఉంది. ఆ బలహీనతకు చావు వస్తుందా, సాగుతుందా అన్నది కణమూ సీరమూ నిర్ణయిస్తాయి. అందుకని ఒక్క వ్యాసం నమ్ముకోకుండా 15, 30, 70, 100 నాలుగూ మీ కణాల మీద చేసి చూడండి. పక్కన నునుపైన రేకు ఒకటి, అదే ఉష్ణోగ్రతకు కాల్చినది ఉండాలి.

రేకుతో వచ్చే ఇబ్బంది పరీక్షలది కాదు, రేఖాగణితానిది. 24 వెల్ ప్లేట్‌లో వెల్ వైశాల్యం 1.9 చదరపు సెంటీమీటర్లు. 12 మిల్లీమీటర్ల బిళ్లది 1.13. మిగతా నలభై శాతం మామూలు ప్లాస్టిక్, కణాలకు ఎంతో ఇష్టమైన నేల. వెల్ మొత్తాన్ని పగలగొట్టి కొలిస్తే ప్లాస్టిక్ మీది కణాల ఫాస్ఫటేజ్ కూడా రేకు ఖాతాలో పడుతుంది. బిళ్ల మీద 50 మైక్రోలీటర్ల బొట్టుగా కణాలు వేసి, 37 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఆగి, తర్వాత మీడియా నింపండి. మర్నాడు బిళ్లను పట్టకారుతో ఎత్తి కొత్త వెల్‌లోకి మార్చండి, కణాలు అంటుకోని ప్లేట్ అయితే ఇంకా మంచిది. రేకు గుండా వెలుతురు పోదు కాబట్టి ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్‌లో రోజూ చూసుకోవడం కుదరదు. ప్రతి రోజుకూ చూడటానికి రెండు బిళ్లలు అదనంగా పెట్టుకోవాలి.

హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ చర్మం మీద పడితే వెంటనే నొప్పి లేకపోవచ్చు, కానీ లోపలికి పోయి రక్తంలోని కాల్షియాన్ని లాగేస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట లేని గదిలో ఆ సీసా మూత తీయకూడదు. ఇథిలీన్ గ్లైకాల్‌లో అమోనియం ఫ్లోరైడ్ వాడే పద్ధతి కాస్త మెరుగు. అప్పుడు వోల్టేజ్‌లు 30 నుంచి 60 దాకా పోతాయి, నాళికలు పొడవుగా వస్తాయి, 15 నానోమీటర్ల చిన్నవి మాత్రం రావడం కష్టం.

గ్రాఫీన్, గ్రాఫీన్ ఆక్సైడ్

గ్రాఫీన్ (కార్బన్ పరమాణువుల ఒంటి పొర) మీద మూలకణాలు త్వరగా ఎముకవైపు మారాయని 2011లో సింగపూర్ నుంచి పేపర్లు వచ్చాయి. వాటిలో ఒకటి కారణం కూడా వెతికింది. గ్రాఫీన్ పొర డెక్సామెథసోన్‌నూ బీటా గ్లిసరోఫాస్ఫేట్‌నూ తన మీదికి లాక్కుని కూడబెడుతుంది. కణం ఆ పొర మీదే కూర్చుంటుంది కాబట్టి దానికి అందే మోతాదు మీడియాలో ఉన్నదానికంటే ఎక్కువ. అదే అధ్యయనంలో గ్రాఫీన్ ఇన్సులిన్ ఆకారాన్ని చెడగొట్టి కొవ్వు కణాల దారిని మూసేసింది, గ్రాఫీన్ ఆక్సైడ్ మాత్రం మూయలేదు. పేర్లు దగ్గరగా ఉన్నా ఈ రెండూ ఒకే పదార్థం కాదని గుర్తుంచుకోవాలి.

గ్రాఫీన్ తీసుకుంటే ప్రశ్న తప్పనిసరిగా ఇలా చీల్చాలి: ఎముక మీడియా ఉన్నప్పుడు ఏమైంది, మామూలు మీడియాలో ఏమైంది? మామూలు మీడియాలో ఏ మార్పూ లేకపోతే అది దిశ చూపే పదార్థం కాదు, మందును దగ్గర చేర్చే పదార్థం. ఆ పని కూడా విలువైనదే, కానీ దాని పేరు వేరు.

కణాల బతుకు కొలవడానికి ఎంటీటీ (బతికున్న కణాలు రంగు మార్చే పరీక్ష) వాడొద్దు. గ్రాఫీన్ ఆ రంగును కణాల సాయం లేకుండానే మార్చేస్తుంది, చచ్చిన వెల్ కూడా బతికున్నట్టు చూపిస్తుంది. కార్బన్ నానోట్యూబ్‌లది ఇంకో తంటా, ఎంటీటీ నుంచి తయారైన ఫార్మజాన్ రంగు స్ఫటికాల్ని పట్టేసుకుని వదలవు. డీఎన్ఏ మొత్తం కొలిచి, లైవ్ డెడ్ స్టెయిన్‌తో సరిచూసుకోవడం మేలు. ఆర్‌ఎన్ఏ కూడా గ్రాఫీన్ ఆక్సైడ్‌కు అంటుకుంటుంది, పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. తెలిసిన పరిమాణంలో పరాయి ఆర్‌ఎన్ఏను ముందే కలిపి, ఎంత వెనక్కి వస్తుందో చూడాలి. గ్రాఫైట్‌ను పర్మాంగనేట్‌తో ఆక్సీకరించే హమ్మర్స్ పద్ధతిలో చేసినదైతే మాంగనీస్ మిగులుతుంది. కడిగిన నీరు తటస్థమయ్యేదాకా కడగడం సరిపోదు, డయాలిసిస్ చేసి మాంగనీస్‌ను కొలిపించండి.

బంగారం

20 నానోమీటర్ల బంగారు కణికలు కణంలోని పీ38 అనే సిగ్నల్ దారి గుండా మూలకణాల్ని కొవ్వు నుంచి ఎముక వైపు తిప్పుతాయని 2010లో చూపారు. అంచులు స్పష్టంగా, పరిమాణం ఒకేలా ఉండే కణికలు కావాలంటే బంగారమే. కళ్లతో పరీక్షించగలగడం దీని గొప్ప సుగుణం: విడిగా ఉంటే ద్రాక్షరసం ఎరుపు, గడ్డకడితే నీలం. సిట్రేట్ పొర ఉన్న బంగారాన్ని సీరం లేని మీడియాలో పోస్తే నిమిషాల్లో నీలమవుతుంది. ముందు సీరంలోనో ఆల్బుమిన్‌లోనో పొర కట్టనిచ్చి తర్వాత మీడియాలో కలపండి. 0, 1, 24 గంటలకు స్పెక్ట్రం తీసి 520 నానోమీటర్ల శిఖరం కదలలేదని చూసుకోండి.

పేపర్లు పోల్చేటప్పుడు మోతాదు ప్రమాణం దగ్గర ఆగండి. 20 నానోమీటర్ల కణికలు 1 నానోమోలార్ అంటే మిల్లీలీటరుకు దాదాపు 49 మైక్రోగ్రాముల బంగారం. 50 నానోమీటర్లవి అదే 1 నానోమోలార్ అంటే దాదాపు 760 మైక్రోగ్రాములు. సంఖ్య సమానం చేసి పోల్చినవాళ్లకు పెద్ద కణిక మేలనిపిస్తుంది, బరువు సమానం చేసినవాళ్లకు చిన్నది మేలనిపిస్తుంది. సంఖ్య, బరువు, ఉపరితలం మూడూ లెక్కగట్టి రాయకపోతే పరిమాణం గురించి ఏమీ చెప్పలేం.

ఫాస్ఫటేజ్ పరీక్షను 405 నానోమీటర్ల దగ్గర చదువుతాం, అక్కడ బంగారం కూడా కాంతిని పీల్చుకుంటుంది. పగలగొట్టిన ద్రావణాన్ని ముందు గట్టిగా సెంట్రిఫ్యూజ్ చేసి, సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ రంగుగా మార్చే పదార్థం) లేని వెల్ ఒకటి పక్కన పెట్టుకోవాలి.

నానోఫైబర్లు, మట్టి పలకలు

చివరికి గాయంలో పెట్టే స్కాఫోల్డే (కణాలు పెరిగే ఆసరా చట్రం) లక్ష్యమైతే పాలికాప్రోలాక్టోన్ ఎలక్ట్రోస్పిన్నింగ్, అంటే పాలిమర్ ద్రావణాన్ని అధిక వోల్టేజ్‌తో సన్నటి దారాలుగా లాగడం. 10 నుంచి 12 శాతం ద్రావణం, 15 నుంచి 20 కిలోవోల్టులు, 12 నుంచి 15 సెంటీమీటర్ల దూరం, గంటకు 1 మిల్లీలీటరు దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. గాఢత తక్కువైతే దారం మీద పూసల్లా ఉండలు వస్తాయి. తేమ ఎక్కువైతే దారం ఉపరితలం చిల్లులు పడుతుంది. విశాఖలోనో, జులై నెల హైదరాబాద్‌లోనో తీసిన దారమూ, ఏప్రిల్‌లో తీసిన దారమూ ఒకటి కావు. గదిలో తేమ శాతం రాసి పెట్టుకోని బ్యాచ్‌ను ఇంకో బ్యాచ్‌తో పోల్చకండి. ఈ పాలిమర్ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ఆటోక్లేవ్ చేయకూడదు. నీరు అంటదు కాబట్టి ప్లాస్మాతోనో సోడియం హైడ్రాక్సైడ్‌తోనో తడిసేలా చేయాలి. ద్రావకం పోవడానికి రెండు రోజులు వాక్యూమ్‌లో ఉంచాలి. దారాల్లో హైడ్రాక్సీఅపటైట్ కలిపితే పైన చెప్పిన అలిజరిన్, డీఎన్ఏ ఇబ్బందులన్నీ దానితోపాటే వస్తాయి.

లాపొనైట్ అనే సిలికేట్ పలకలు, సుమారు 25 నానోమీటర్ల వెడల్పు, 1 నానోమీటరు మందం, డెక్సామెథసోన్ లేకుండానే మానవ మూలకణాల్ని ఎముక వైపు నడిపాయని 2013లో వచ్చింది. చవక, కొలతలకు ఇచ్చే ఇబ్బంది హైడ్రాక్సీఅపటైట్ కంటే తక్కువ. ఉప్పు తగిలితే జెల్ అవుతుంది కాబట్టి ముందు శుద్ధమైన నీటిలో విడదీసి, కదుపుతూ మీడియాలోకి కొంచెం కొంచెంగా దించాలి. చాలామంది ఈ పదార్థాన్ని పట్టించుకోరు, పట్టించుకోవాలి.

ఏది తీసుకున్నా తప్పనివి

మోతాదును మిల్లీలీటరుకు కాకుండా చదరపు సెంటీమీటరుకు రాయండి, కణికలు అడుగుకు దిగి కణాల మీదే కూర్చుంటాయి కాబట్టి. మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములున్న ద్రావణం 24 వెల్‌లో అర మిల్లీలీటరు పోస్తే చదరపు సెంటీమీటరుకు 13 మైక్రోగ్రాములు, 96 వెల్‌లో 100 మైక్రోలీటర్లు పోస్తే 15కు పైగా, 6 వెల్‌లో 2 మిల్లీలీటర్లు పోస్తే 10.5. ఫాస్ఫటేజ్ ఒక ప్లేట్‌లో, ఆర్‌ఎన్ఏ ఇంకో ప్లేట్‌లో తీసి ఒకే మోతాదు అని రాస్తే అది నిజం కాదు. మీడియా మార్చిన ప్రతిసారీ కణికలు మళ్లీ వేస్తున్నారా, ఒక్కసారేనా అన్నది కూడా రాయాలి.

ఎండోటాక్సిన్ సంగతి. బాక్టీరియా చచ్చినా దాని గోడలోని లైపోపాలిసాకరైడ్, అంటే ఎండోటాక్సిన్, పదార్థానికి అంటుకుని ఉంటుంది, ఆటోక్లేవ్‌తో పోదు. అది ఒక్కటే మూలకణాల దారి మార్చగలదు. గాజు, లోహం, సిరామిక్ అయితే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచండి. మిగతావాటికి నీళ్ల దగ్గర్నుంచీ అన్నీ ఎండోటాక్సిన్ లేనివి వాడాలి. ఎండోటాక్సిన్‌ను పట్టే లిమ్యులస్ పరీక్షలో కూడా తెలిసిన ఎండోటాక్సిన్ కలిపి తిరిగి కనిపిస్తుందో లేదో చూడాలి, నానో కణికలు ఆ పరీక్షనూ తప్పుదోవ పట్టిస్తాయి.

నానో అన్న మాట వాడాలంటే అదే రసాయనం ఉన్న మైక్రాన్ సైజు కణిక ఒక వరుసలో ఉండాలి. కణాలు కనీసం ముగ్గురు దాతలవి కావాలి. ఒకే దాత కణాల్ని మూడు వెల్స్‌లో వేస్తే అవి మూడు కొలతలే, మూడు ప్రయోగాలు కావు. మన దేశంలో మానవ మూలకణాల పనికి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థలోని మూలకణ పరిశోధన కమిటీతో పని ఉంటుంది. కణాలు ఆర్డర్ చేసే ముందే ఆ కాగితం కదిలించండి.

ఇక ఎంపిక. పరిమాణం, ఆకారం ప్రభావమే మీ ప్రశ్న అయితే టైటానియం నాళికలు, ఫ్యూమ్ హుడ్, పవర్ సప్లై, కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉంటే చాలు. కణిక కణం లోపలికి వెళ్లాక ఏ సిగ్నల్ లేస్తుందో చూడాలంటే బంగారం. గాయం పూడ్చే స్కాఫోల్డ్ అయితే పాలికాప్రోలాక్టోన్, అందులో హైడ్రాక్సీఅపటైట్. గ్రాఫీన్‌ను మీ ల్యాబ్‌లో దాన్ని తయారుచేసి, శుద్ధిచేసి, ప్రతి బ్యాచ్‌నూ రామన్ స్పెక్ట్రోస్కోపీలో చూసే మనిషి ఉన్నప్పుడే తీసుకోండి. ఆరు నెలల ప్రాజెక్టు, తక్కువ డబ్బు, ఒక్క ప్లేట్ రీడరు మాత్రమే ఉన్న విద్యార్థికి మా సలహా లాపొనైట్. మొదటి నెల కణాల జోలికి పోకండి. ఆ నెలంతా ఖాళీ వెల్స్‌లో పలకలు వేసి ఫాస్ఫటేజ్, డీఎన్ఏ, అలిజరిన్ మూడు పరీక్షలూ నడపండి. తెలిసినంత కలిపితే తెలిసినంతే తిరిగొచ్చిన రోజున కణాల సీసా నత్రజనిలోంచి బయటికి తీయండి.